నోటికి జానెడు దూరంలో

నాకు క్షయ వచ్చింది, తగ్గింది. ఈ మాట మొదటి వాక్యంలోనే రాసేస్తున్నాను. నిరుడు శీతాకాలమంతా డబ్లిన్ పడమటి వైపు మన తెలుగు ఇళ్లలో నా జబ్బుకు రకరకాల పేర్లు తిరిగాయి. న్యుమోనియా అన్నారు, ఆస్తమా అన్నారు, వయసు అన్నారు. వయసు మాత్రం నిజం. నాకు డెబ్బై ఆరు నిండాయి. నవంబరు నాలుగున మందులు మొదలయ్యాయి, మే నాలుగున ఆపారు. ఇప్పుడు జూన్. చేయి వణక్కుండా పేజీ నిండా రాయగలుగుతున్నాను గనుక రాస్తున్నాను. చిన్నపిల్లలున్న ఇంట్లోకి ఇలాంటి జబ్బు వచ్చినవాళ్లు ఎవరైనా చదివితే వాళ్లకు కొంత తోడుగా ఉంటుందని ఆశ.

నేనెవరో ముందు చెప్పాలి. మాది ఒంగోలు దగ్గర. చదువు పూర్తయ్యాక ఒక క్రైస్తవ మిషను తరఫున కచిన్ల మధ్యకు వెళ్లాను. బర్మా ఉత్తరాన కొండల్లో ఉండే ప్రజలు కచిన్లు. సరిహద్దుకు ఇవతల, మన అరుణాచల్ అంచున ఉన్న అదే జాతివాళ్లను సింగ్‌ఫోలంటారు. అవతలి నుంచి వచ్చి ఇవతల పొలాలు చేసుకుంటున్న ఒక ఊళ్లో ముప్ఫై ఒక్క ఏళ్లు ఉన్నాను. బర్మా కచిన్లకు బైబిలు ఎప్పుడో వచ్చింది. మా ఊరి వాడుకకు నిఘంటువు లేదు, పిల్లలకు వాచకాలు లేవు. అవి చేయడమే నా పని. పెళ్లి చేసుకోలేదు. పని ముగిసి ఒంగోలు చేరాక మా అన్నయ్య ఇంట్లో ఉన్నాను. అన్నయ్య పోయిన ఏడాదికి ఆయన కూతురు ఎస్తేరు నన్ను ఐర్లండు తెచ్చుకుంది.

ఎస్తేరు ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. నాకు మేనకోడలు, అత్తా అంటుంది. ఆమె భర్త సుధాకర్‌ది క్లాండాల్కిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్యకు మేనత్తను గనుక వరసకు అతనికి నేను పిన్నిని. అతను ఆంటీ అంటాడు. వాళ్ల పాప మిన్నుకు ఐదేళ్లు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ ఈ ఊరి యాసలో.

ఆగస్టు ఆఖరున దగ్గు పట్టుకుంది. సెప్టెంబరులో జీపీ దగ్గరకు వెళ్లాను. ఇక్కడ మొదట చూసే డాక్టరును అలా అంటారు. వారం రోజులకు మందు ఇచ్చారు. తగ్గలేదు. అక్టోబరులో మళ్లీ వెళితే ఇంకో మందు ఇచ్చారు. ఆ రెండోసారి ఆయన అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుంది. "మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చిందా?"

లేదు అన్నాను. ఇల్లు అనగానే ఆ క్షణాన నాకు ఒంగోలు దగ్గర మా నాన్న ఇల్లే మనసులో మెదిలింది. ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

రాత్రి చెమటలకు దిండు గలీబు మార్చుకోవాల్సి వచ్చేది. చీరకట్టు వదులైపోతోంది. అది ఈ దేశపు తిండి వల్ల అనుకున్నాను. అక్టోబరు ముప్ఫైన పొద్దున ముఖం కడుక్కుంటూ దగ్గితే సింకులో నెత్తురు పడింది. ఎక్కువేమీ కాదు, కుంకుమ నీళ్లలో కలిపినంత. తలుపు తీసి ఎస్తేరును పిలిచాను. డ్యూటీకి వెళ్లబోతూ బూట్లు వేసుకుంటోంది. వచ్చి సింకు చూసింది, నా ముఖం చూడలేదు.

"ఎప్పట్నుంచి?"

"ఇదే మొదలు."

"నెత్తురు సంగతి కాదత్తా. రాత్రిళ్లు చెమటలు పడతన్నాయా?"

"పడుతున్నాయి."

"నాకెందుకు చెప్పలా?"

"చెమట గురించి ఏం చెబుతానే."

ఆమె సింకు అంచు పట్టుకుంది. "ఆస్పత్రిలో రోజంతా జనం దగ్గు వింటా. ఇంట్లో దగ్గు వినలా నేను" అంది. తర్వాత ఫోను తీసి సెలవు పెట్టింది. నా జబ్బు మొత్తంలో ఆమె కళ్లలో నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే.

ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్షకు పంపారు. నవంబరు రెండున ఆసుపత్రిలో ఒంటరి గదిలో పెట్టారు. దానికి ఒకదాని తర్వాత ఒకటి రెండు తలుపులు. మొదటిది మూసుకున్నాకే రెండోది తెరవాలి. వచ్చేవాళ్లందరికీ ముక్కూ నోరూ కప్పే గట్టి మాస్కులు. రెండు వారాలు నేను మనుషుల కళ్లు తప్ప ముఖం చూడలేదు. నా భయం చావు గురించి కాదు. ఆ వయసు దాటాను. నా లోపలి నుంచి బయటికి వచ్చే గాలే ఇతరులకు ప్రమాదమన్న ఆలోచనకు అలవాటు పడలేకపోయాను. తలుపు చప్పుడైతే ఊపిరి బిగపట్టేదాన్ని. భోజనం తెచ్చే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకరోజు అది గమనించి, "ఊపిరి తీసుకోండి, దానికి మీ దగ్గర డబ్బులు తీసుకోం" అంది. ఆ రోజు నుంచి ట్రే పెట్టగానే వెళ్లకుండా కిటికీ దగ్గర ఒక నిమిషం నిలబడి, కింద కార్లు పార్కు చేసుకోలేక తంటాలు పడేవాళ్లను నాకు చూపించి నవ్వించేది.

మూడో రోజున మోరా వచ్చింది. క్షయ రోగులను, వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లను చూసుకునే నర్సు ఆమె. యాభై దాటిన ఐరిష్ మనిషి, తొందరలేని మాట. కుర్చీ లాక్కుని, ఆగస్టు నుంచి ఎవరెవరితో ఎంతసేపు గడిపానో అడిగింది. ఆదివారం చర్చి గురించి చెప్పాను. శనివారం హాల్లో మన పిల్లలకు తెలుగు చెప్పే తరగతి గురించి చెప్పాను. హాలు పెద్దది, నేను ఇటు చివర, పిల్లలు అటు, గంటలో అయిపోతుంది. ఆమె తల ఊపింది. తర్వాత ఇంట్లో సంగతి అడిగింది.

"పాపతో ఎక్కువసేపు ఉంటారా?"

"బడి నుంచి వచ్చాక రోజూ పాఠం. వంటింటి బల్ల దగ్గర."

"ఎంత దగ్గరగా కూర్చుంటారు?"

నేను కుడిచేయి ముందుకు చాచి, బొటనవేలు, చిటికెనవేలు ఎడంగా పెట్టి చూపించాను. జానెడు.

మోరా మాస్కు మీదుగా ఆ చేతిని చూసింది. వెంటనే ఏమీ రాసుకోలేదు. "ఎందుకంత దగ్గరగా?" అంది.

ఎందుకో చెప్పాలంటే నేను కచిన్ భాష నేర్చుకున్న తీరు చెప్పాలి. ఆ భాషలో చాలా మాటల చివరి హల్లు బయటికి వినపడదు. ప్ అనడానికి పెదవులు మూసుకుంటాయి, అక్కడితో ఆగిపోతాయి. త్ అనడానికి నాలుక పళ్ల వెనక తాకుతుంది, వదలదు. కొత్త చెవికి రెండూ ఒకటే. తేడా తెలియాలంటే మాట్లాడేవాళ్ల నోరు చూడాలి. పొగ నిండిన వెదురు ఇంట్లో, పొయ్యి వెలుగులో చూడాలంటే మరీ దగ్గరగా కూర్చోవాలి. ఆ ఊళ్లో ఒక వంశం వాళ్లు నన్ను తమ ఆడపిల్లగా కలుపుకున్నారు. కచిన్లలో మూడో ఆడపిల్లను రోయ్ అంటారు. మా ఇంట్లో నేను మూడోదాన్ని గనుక ఆ పేరే ఖాయమైంది. ఆ వంశపు ఆడపడుచు ఒకావిడ, నాకు మోయ్ అయింది. మోయ్ అంటే మేనత్త. నాలుగేళ్లు ఆమె పొయ్యి పక్కనే కూర్చుని మాటలు నేర్చుకున్నాను. ఆమె నోరు తెరిచి చూపించేది, నేను చూసి రాసుకునేదాన్ని.

"నా పళ్లెన్నో లెక్క తేలిందా, రోయ్?" అనేది.

"మూడు."

"నిన్న నాలుగన్నావు."

"నిన్న నాలుగే ఉన్నాయి, మోయ్."

ఆమె నవ్వేది, నవ్వు దగ్గులోకి తిరిగేది. దగ్గు వచ్చినప్పుడు పక్కకు తిరిగి లుంగీ అంచు అడ్డం పెట్టుకునేది, తగ్గాక మళ్లీ నావైపు తిరిగి అదే మాట చెప్పేది. నాలుగో ఏడు వానల్లో పోయింది. ఆ దగ్గుకు ఎవరూ పేరు పెట్టలేదు. మందులిచ్చే చోటికి రెండు రోజుల నడక. ముసలిదాని దగ్గు అన్నారు, అంతే.

క్రిములు ఒంట్లో దశాబ్దాలు నిద్రపోయి, ముసలితనంలో లేవవచ్చునని ఆసుపత్రి డాక్టరు చెప్పారు. ఎక్కడ పట్టుకుందో ఎవరూ రుజువు చేయలేరన్నారు. ఆంధ్రాలోనూ పట్టుకుని ఉండవచ్చు. ఆయన మాట సరైనదే. కానీ నాకు తెలిసినది నాకు తెలుసు. ఆ నిఘంటువులో మోయ్ చెప్పని పుట ఒక్కటి లేదు. ఆ మాటలన్నీ ఆమె ఊపిరితోనే నాలోకి వచ్చాయి. ఈ జబ్బూ అలాగే వచ్చింది. అందుకు ఆమె మీద నాకు ఈనాటికీ ఏ కోపమూ లేదు.

నేను నేర్చుకున్న పద్ధతిలోనే మిన్నుకు నేర్పాను. దానికి ళ పలకదు. కళ్ళు, పళ్ళు, నీళ్ళు అన్నీ తేలిపోయేవి. నాలుక వెనక్కి మడిచి పైన ఎక్కడ తాకాలో నోరు తెరిచి చూపించేదాన్ని. అది నా ముఖంలో ముఖం పెట్టి చూసేది, వేళ్లు నా గొంతు మీద పెట్టి మోత వినేది. సెప్టెంబరంతా, అక్టోబరంతా. మామూలు ముసలమ్మ ఎవరైనా అయితే పలక ముందు పెట్టి పక్కన కూర్చునేది. పాఠమంటే నోరు చూపించడమేనని అనుకునేది నేనొక్కదాన్నే.

ఇదంతా మోరాకు చెప్పాను. "ముందుగా పాపకే పరీక్ష చేద్దాం" అంది. లేచి వెళుతూ వెనక్కి తిరిగి, "మీరు ఆమెకు చదువు చెప్పారు. మీరు చేసింది అదే" అంది. ఆ మాట మంచిదే. ఆ రాత్రి మాత్రం నాకు సాయపడలేదు.

నవంబరు మధ్యలో ఇంట్లో ముగ్గురికీ చేతికి సూది వేశారు. రెండు రోజుల తర్వాత అక్కడ చర్మం ఉబ్బితే క్రిమి సోకినట్టు. ఎవరికీ ఉబ్బలేదు. ఎస్తేరు ఫోను చేసి చెప్పింది. నేను దేవునికి వందనాలు చెప్పుకున్నాను. అప్పుడామె, "ఇంకా సంబరపడమాక అత్తా. కొత్తగా సోకితే ఇప్పుడే తేలదు. ఎనిమిది వారాలాగి మళ్లీ చెయ్యాల" అంది. గొంతులో ఏ భావమూ లేదు. ఆసుపత్రిలో ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది.

నా గాలి ఇక ప్రమాదం కాదని తేలాక ఇంటికి పంపారు. వంటింటి ప్రెస్‌లో, అంటే అలమారాలో, పై అరలో నాకొక గ్లాసు, ఒక కంచం విడిగా పెట్టి ఉన్నాయి. గిన్నెల వల్ల ఇది సోకదు. నర్సుకు ఆ సంగతి తెలుసు. ఎస్తేరు పెట్టలేదు, సుధాకర్ పెట్టాడు. ఆమె చూసి తీసేయలేదు. నేను మేడ మీద నా గదిలోనే తిన్నాను.

సుధాకర్ చెడ్డవాడు కాదు. అతని భయం వేరు. బడిలో తెలిస్తే మిన్నుతో ఎవరూ ఆడరని, మనవాళ్లలో తెలిస్తే ఇంటికి ఎవరూ రారని. ఒక సాయంత్రం నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆంటీ, శనివారం క్లాసు పేరెంట్స్ అడుగుతున్నారు. న్యుమోనియా అని చెప్పాను."

"న్యుమోనియా కాదు కదా."

"తెలుసండీ. కానీ ఆ మాట అంటే ఎలా చూస్తారో మీకు తెలీదు."

"వాళ్ల పిల్లలు నా ఎదురుగా కూర్చున్నారు, సుధాకర్. ఎవరికైనా దగ్గు వస్తే వాళ్ల డాక్టరు ఏం వెతకాలి? న్యుమోనియానా?"

"హాలు పెద్దది, ఆ పిల్లలకు పరీక్షలు అక్కర్లేదని నర్సే చెప్పింది కదా."

"అక్కర్లేదని నర్సు చెప్పింది. అబద్ధం చెప్పమని చెప్పలేదు."

అతను తలుపు చెక్కను గోటితో గోకాడు. "మీకేమండీ, కొండల్లో ఉండొచ్చారు. మేం ఈ మనుషుల మధ్యే బతకాల" అన్నాడు. అందులో నిజం ఉంది. అయినా మర్నాడు తల్లిదండ్రులందరికీ నేనే ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొందరు మర్యాదగా విని పెట్టేశారు. ఒకతను సుధాకర్‌కు ఫోను చేసి గట్టిగా మాట్లాడాడు. ఒక అమ్మాయి మాత్రం, "మా నాన్నకూ వచ్చిందాంటీ, మేం ఎవరికీ చెప్పలా" అని ఫోనులో చాలాసేపు ఏడ్చింది. తరగతి ఆగిపోయింది. సుధాకర్ క్రిస్మస్ దాకా నాతో సరిగా మాట్లాడలేదు.

మందుల గురించి ఎక్కువ చెప్పను. మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడకండి. అన్నం చూస్తే వికారం వస్తుంది. రెండో నెలలో తగ్గుతుంది. తగ్గిందని మానకండి. నాకు అదే పెద్ద పరీక్ష, ఎందుకంటే జనవరికల్లా నేను పూర్తిగా బాగైపోయినట్టే అనిపించింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం పక్కింటి నోరా వచ్చింది. ఎనభై దాటిన మనిషి, పుట్టి పెరిగింది ఇక్కడే. ప్రమాదం లేదని తెలిసినా, అలవాటుగా లోపలికి రావద్దన్నాను. "మీ ఇంట్లో ఏముందో నాకు తెలుసులే, పొద్దున చెత్తబుట్టల దగ్గర సుధాకర్ ముఖం చూశాను" అని, బ్రౌన్ బ్రెడ్డు వంటింట్లో పెట్టి, కోటు విప్పకుండానే కూర్చుంది. తన చిన్నతనంలో వాళ్లమ్మను క్షయ ఆసుపత్రికి తీసుకెళ్లారట. అమ్మ సముద్రపు గాలికి అత్త ఊరు వెళ్లిందని పిల్లలకు చెప్పారట. పద్నాలుగు నెలలు.

"తిరిగి వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది, గ్రాండ్‌గా, ఆరోగ్యంగా ఉంది, తొంభై దాకా బతికింది. కానీ వచ్చాక నేను ఆమె దగ్గరకు వెళ్లలేదు. మమ్మల్ని వదిలేసి సముద్రం దగ్గర సరదాగా ఉందనుకున్నాను. ఏళ్లపాటు అనుకున్నాను. ఆ పిల్లకు నిజం చెప్పండి."

ఆ సాయంత్రం మిన్ను మెట్ల మధ్యలో కూర్చుని, "వై ఆర్ యూ ఆల్వేస్ అప్‌స్టెయిర్స్ నౌ, అమ్మమ్మా?" అంది. చెప్పాను. నా ఛాతీలో ఒక జబ్బు ఉందని, నాకు తెలియకుండా దగ్గరగా కూర్చున్నానని, అది నీకూ వచ్చిందేమో చూస్తున్నారని. మిన్ను ఆలోచించి, "డిడ్ యూ డూ ఇట్ ఆన్ పర్పస్?" అని అడిగింది. లేదన్నాను. "ఓకే" అని కిందికి వెళ్లి టీవీ పెట్టుకుంది.

జనవరి రెండో వారంలో మళ్లీ సూదులు వేశారు. ఎస్తేరుకూ సుధాకర్‌కూ ఏమీ లేదు. మిన్ను ముంజేతి మీద రెండో రోజుకే ఎర్రగా గడ్డలా లేచింది. కొలిచేది మోరా, అందుకు ఇంకో రోజుంది. ఎస్తేరు ఆగలేదు. నేను మెట్ల పైనుంచి చూశాను: సోఫాలో నిద్రపోతున్న బిడ్డ చేయి తన ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆ గడ్డ అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బొటనవేలితో తడుముతోంది. రోజూ ఆసుపత్రిలో ఎన్ని చేతులు అలా తడిమి ఉంటుందో. తర్వాత ఆ చేయి దుప్పటి కింద పెట్టి, తలెత్తి నన్ను చూసింది. ఏదైనా అని ఉంటే నాకు తేలికయ్యేది.

సోకింది. ఇక తేలాల్సింది ఒక్కటే. క్రిమి నిద్రలోనే ఉందా, జబ్బుగా లేచిందా. ఎక్స్‌రేకు మర్నాడే రమ్మన్నారు. ఎస్తేరు బిడ్డను తీసుకుని లోపలికి వెళ్లింది. సుధాకరూ నేనూ బయట మిగిలాం. నన్ను రావద్దంటే బాగుండదని రమ్మన్నారు. రానంటే బాగుండదని వెళ్లాను. పిల్లల విభాగం గనుక గోడలకు చేపల బొమ్మలు. సుధాకర్ మోకాలు ఊపుతూనే ఉన్నాడు. లోపలికి వెళ్లినవాళ్లు ఎంతకీ రాలేదు. చివరికి అతనే, నన్ను చూడకుండా, "ఆ కచిన్ వాళ్లు మంచోళ్లేనా ఆంటీ?" అన్నాడు. ఏదో ఒకటి వినాలి అతనికి.

"మంచివాళ్లే. నేనే వాళ్లను ఒకసారి హడలగొట్టాను."

"మీరా?"

"వెళ్లిన మొదటి ఏడాది. వాళ్లలో మేనమామ కూతుర్ని చేసుకోవచ్చు, అది గౌరవం. సరే మనలాగే కదా అనుకున్నాను. నాకు తమ్ముడి వరస కుర్రాడు ఒకడు మోయ్ ఇంటికి వచ్చిపోతుంటే, మోయ్ కూతురిని చూపించి, ‘పెళ్లికి అన్నం ఎప్పుడు పెడతావురా’ అన్నాను. పొయ్యి చుట్టూ పదిమంది ఉన్నారు. ఒక్కరు మాట్లాడలేదు."

"ఏం, తప్పేముంది? మేనత్త కూతురే కదా."

"అదే తప్పు. వాళ్లకు మేనమామ కూతురు భార్య వరస. మేనత్త కూతురిని తలవడమే పాపం, తోబుట్టువుతో సమానం. పిల్లనిచ్చే వంశం వేరు, పుచ్చుకునే వంశం వేరు, ఎప్పటికీ తిరగబడకూడదు. మన ఊళ్లో రెండువైపులా చేసుకుంటాం గనుక నా బుర్రకు తట్టలేదు."

"మరేం చేశారు?"

"ఆ అబ్బాయి లేచి వెళ్లిపోయాడు. పిల్ల గోడవైపు తిరిగింది. మోయ్ మాత్రం, ‘మా రోయ్‌కి మాటలొచ్చాయి, మర్యాద ఇంకా రాలేదు’ అని నాకు అన్నం వడ్డించింది."

సుధాకర్ నవ్వాడు. రెండు నెలల తర్వాత అదే మొదటిసారి. నవ్వి, చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "మరి నేను మీకేమవుతా వరసకి?"

"కొడుకువి."

"ఆంటీ అనకూడదన్నమాట."

"పిన్నీ అనాలి."

"ఇన్నేళ్లూ చెప్పలేదే."

"నువ్వు అడగలేదు."

అతను ఇప్పటికీ ఆంటీ అనే అంటాడు. తలుపు తెరుచుకుని ఎస్తేరు వచ్చింది. వెనక మిన్ను చేతిలో ఏదో స్టిక్కరు పట్టుకుని గెంతుతోంది. ఎస్తేరు సుధాకర్ పక్కన కూలబడినట్టు కూర్చుని, "లంగ్స్ క్లియర్" అంది. రెండోసారి తెలుగులో చెప్పింది. "ఊపిరితిత్తుల్లో ఏం లేదు. మూడు నెలలు మాత్రలేస్తే జబ్బు రాకుండా ఆగుద్ది." అతను ఆమె భుజం మీద తల పెట్టాడు. నేను లేచి నీళ్ల యంత్రం దగ్గరకు వెళ్లాను. వాళ్లు ముగ్గురే ఉండాల్సిన సమయం అది.

ఆ మూడు నెలలు మిన్నుకు మాత్రలు ఎస్తేరే వేసేది. నలిపి, జాములో కలిపి. "ఇట్స్ యక్కీ" అనే అరుపు పై గదిలోకి రోజూ వినపడేది. బొమ్మల పుస్తకం మీద నారింజ రంగు కన్నీటి చుక్కలు. ఆ మందుకు కన్నీళ్లకూ రంగు వస్తుంది. నేను వేస్తానని ఒకసారి అడిగాను. ఎస్తేరు, "వద్దులే" అంది. నా వల్ల ఇక ఎవరికీ ప్రమాదం లేదని ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా మిన్ను నా పక్కన కూర్చోబోతే ఏదో పని చెప్పి పిలిచేది. అది తెలిసి చేసేదో, తెలియక చేసేదో నాకు తెలియదు. నేను కచిన్ వాళ్ల ప్రతి వరసనూ విప్పి చూడగలిగాను గానీ, ఆ పిలుపులో ఏముందో తేల్చుకోలేకపోయాను.

ఫిబ్రవరి ఆఖరున ఒక మాట అన్నాను. మా చర్చికి వచ్చే ఒకావిడకు డబ్లిన్‌కు ఉత్తరాన గంట దూరంలో, డండాక్‌లో ఇల్లుంది, ఒక గది ఖాళీగా ఉంది, అక్కడికి మారతానని. ఎస్తేరు పాత్రలు కడుగుతోంది.

"ఎందుకు?"

"నీకు తెరిపిగా ఉంటుంది."

"నాకు తెరిపిగా ఉండాలంటే ఎక్కడికో పోవాల్సింది నువ్వు కాదు" అంది. కుళాయి కట్టేసింది. "అత్తా, నాకు నీ మీద కోపమే. దగ్గు దాచావని కాదు, నువ్వు దాచలా. నర్సుని, నేను వినలా. ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నీ మీద పెట్టా. కొన్నాళ్లు ఉండనియ్యి. ఇప్పుడు డండాక్ అదీ ఇదీ అని నా ప్రాణం తియ్యమాక."

ఉండనిచ్చాను. డండాక్ ఆవిడకు రానని చెప్పాను. మార్చిలో పక్కన పెట్టిన కంచం మామూలు కంచాల్లో కలిసిపోయింది. ఎవరు కలిపారో అడగలేదు.

ఇలాంటి ఇంట్లో ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. క్రిమి మందుకు లొంగుతుంది. మనుషుల మధ్య వచ్చినది మందు కంటే నెమ్మదిగా తగ్గుతుంది. తొందరపడి క్షమాపణలు అడిగితే ఎదుటివాళ్లు క్షమించానని అబద్ధం చెప్పాల్సి వస్తుంది. వాళ్ల కోపానికి కాస్త చోటివ్వండి, ఆ ఇంట్లోనే ఉండండి.

ఏప్రిల్ మూడో వారంలో మిన్ను ఆఖరి మాత్ర అయింది. మోరా దగ్గరకు చివరిసారి వెళ్లాం. ఆమె పాప బరువు చూసి, ఛాతీ విని, "గ్రాండ్" అంది, అంటే అంతా బాగుందని. ఇక రానక్కర్లేదంది. కారెక్కగానే మిన్ను వెనక సీట్లో నిద్రపోయింది. ఎస్తేరు వానలో కారును పార్కింగు దాటించింది. తర్వాత అద్దం తుడుస్తున్న వైపర్లను చూస్తూ అంది:

"సోమవారం నుంచి నాకు మళ్లీ పొద్దున షిఫ్టు. సుధాకర్ ఏడుకే పోతాడు. మిన్నును బడి దగ్గర నువ్వు దించుతావా?"

నడిచి వెళ్లే దూరమే. దారి పొడుగునా ఆ పిల్ల చేయి నా చేతిలో ఉంటుంది, నోరు మూయదు.

"దించుతాను" అన్నాను.

"వానొస్తే?"

"కోటు ఉందిగా."

"సరే" అని గేరు మార్చింది.